పనికి పోవువారికి మంచి సైకిలు దారి
(జంషెడ్‌పూరు నగరము ఉదాహరణముగా ఒక పాఠము)

పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వరకు మితమైన శారీరక శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఇంటినుండి పనిచోటికి 20 నిమిషములు, మరలి వచ్చుటకు 20 నిమిషములు సైకిలు త్రొక్కువారికి ఐదు దినములలో 200 నిమిషముల శ్రమ సమకూరును. గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము అనువాని భయము దీనివలన తగ్గును. ఇందుకై ప్రత్యేకముగా కాలమును గాని, ధనమును గాని వెచ్చింపవలసిన పని లేదు.

అయితే ఈ లాభమంతయు దారిపై ఆధారపడి యున్నది. ఒకే సైకిలు, ఒకే మనుష్యుడు, ఒకే దూరము; దారి మంచిదైనచో ఆరోగ్యము, చెడ్డదైనచో ప్రాణాపాయము. అందుచేత సైకిలును ఎన్నుకొనుటకంటె దారిని ఎన్నుకొనుటలో ఎక్కువ శ్రద్ధ వహింపవలెను.

నగరపు రూపము

దారి వెదకువారు మొదట తమ నగరపు రూపమును తెలిసికొనవలెను. జంషెడ్‌పూరునకు ఉత్తరమున సువర్ణరేఖ, పడమట ఖర్కాయి నదులు ప్రవహించుచు సోనారీ వద్ద కలిసికొనుచున్నవి. దక్షిణమున రైలుదారి, టాటానగర్ స్టేషను కలవు. నగరపు నడుమ ఉక్కు కర్మాగారము విస్తరించి యున్నది. దాని చుట్టును బిష్టుపూరు, సాక్చీ, గోల్మురి, బర్మామైన్సు మొదలగు పేటలు వెలసినవి. కర్మాగారము గుండ దారి లేదు. కావున పడమటి పేటలనుండి తూర్పునకు పోవువారు దానిని ఉత్తరముగా నైనను, దక్షిణముగా నైనను చుట్టి పోవలసినదే.

ఈ నగరము నిర్మింపబడుటకు పూర్వమే, 1902లో, జంషెట్జీ టాటా తన కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన లేఖలో వీధులు వెడల్పుగా ఉండవలెననియు, వాని ప్రక్కల నీడనిచ్చు చెట్లు నాటవలెననియు కోరెను. 1912లో ఇచ్చట ఉక్కు తయారగుట ప్రారంభమైనది. 1919లో నగరమునకు ఆయన పేరు పెట్టబడినది. ఆ చెట్లనీడ నేటికిని పాత పేటల వీధులలో సైకిలు నడుపువారికి మేలు చేయుచున్నది. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి కర్మాగారపు పనికై వచ్చి తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు కద్మా, బిష్టుపూరు మొదలగు పేటలలో అనేకము కలవు. వారికి ఈ వీధులు సుపరిచితములు.

మంచి దారి లక్షణములు

దగ్గరి దారియే మంచి దారి యను నమ్మకము సరికాదు. దారిని ఈ క్రింది విషయములనుబట్టి తూచవలెను.

1. వాహనముల వేగము : వాహనపు వేగము రెట్టింపయినచో తాకిడి బలము నాలుగు రెట్లగును. కావున లారీలు, బస్సులు వేగముగా పోవు వెడల్పు రోడ్డుకంటె వాహనములు మెల్లగా పోవు పేట వీధి మేలు. నదీతీరపు మెరైన్ డ్రైవు వంటి రోడ్లు కంటికి విశాలముగా, మనోహరముగా తోచును. కాని వెడల్పు వేగమును పిలుచునని గ్రహించి, తాము పోవు వేళలో అచ్చట భారీ వాహనములు తిరుగుచున్నవో లేవో చూచుకొనిన పిమ్మటనే అట్టి దారిని ఎన్నుకొనవలెను.

2. కూడళ్లు : కూడలిలో నలువైపులనుండి వచ్చు వాహనములు కలియును; తిరుగుచున్న లారీవానికి ప్రక్కనున్న సైకిలు కనబడకపోవచ్చును. కూడళ్లు తక్కువగా నున్న దారి కొంచెము చుట్టైనను శ్రేష్ఠము.

3. వంతెనలు : మాంగోనుండి వచ్చువారు సువర్ణరేఖను, ఆదిత్యపూరునుండి వచ్చువారు ఖర్కాయిని దాటక తప్పదు. వంతెనపై ప్రక్కకు తొలగుటకు చోటుండదు. ఇట్టివారు దారిని మార్చలేకపోయినను వేళను మార్చుకొనవచ్చును. రద్దీకి పావుగంట ముందు బయలుదేరుట ఉత్తమము.

4. గాలి : పెద్ద రోడ్డునుండి ఒక వీధి లోపలికి పోయినంతనే వాహనపు పొగ చాలవరకు తగ్గును. సైకిలు త్రొక్కువారు లోతుగా ఊపిరి పీల్తురు గనుక ఇది వారికి ముఖ్యము.

5. వెలుతురు : పగటివేళ నిర్భయముగా నున్న దారి రాత్రి 10 గంటలకు అట్లుండకపోవచ్చును.

రెండు దారుల పోలిక

కద్మాలో నివసించుచు టెల్కో ప్రాంతమున పనిచేయువారిని ఉదాహరణముగా గైకొనవచ్చును. దూరము సుమారు 10 లేక 12 కిలోమీటర్లు. గంటకు 12 మొదలు 15 కిలోమీటర్ల వేగముతో పోవువారికి 40 నిమిషములనుండి గంటవరకు పట్టును.

దక్షిణపు దారి బిష్టుపూరునుండి జుగ్సలాయి, టాటానగర్ స్టేషను, బర్మామైన్సుల మీదుగా పోవును. స్టేషను వద్ద ఆటోలు, బస్సులు, సామానుతో నడచువారు, సరకు లారీలు కలిసి యుండుట సహజము. ఉత్తరపు దారి 1958లో ప్రారంభింపబడిన జూబిలీ పార్కు పరిసరములనుండి సాక్చీకి, అచ్చటినుండి గోల్మురి మీదుగా టెల్కోకు పోవును. ఇందులో చెట్లనీడయు, నివాసపు వీధులును ఎక్కువ. దీనిలోని చిక్కు సాక్చీ గోల్‌చక్కర్. అచ్చట రద్దీగా నున్నప్పుడు సైకిలు దిగి, పాదచారివలె నడిపించుకొని దాటుట సిగ్గుపడవలసిన పని కాదు. రెండు నిమిషముల ఆలస్యముతో దారియంతటిలో కఠినమైన చోటు గడచిపోవును.

మరియొక విషయము. ఈ దారి పడమటినుండి తూర్పునకు పోవును. ఉదయము పోవునప్పుడును, సాయంకాలము వచ్చునప్పుడును సూర్యుడు ఎదుటనే యుండును. సైకిలువానికే గాక వెనుకనుండి వచ్చు వాహనచోదకునికి సయితము కన్నులు చెదరును. కావున లేతరంగు దుస్తులు ధరించుట, చెట్లు గల వీధుల వెంట పోవుట అవసరము.

దారిని పరీక్షించు విధము

మొదట సెలవు దినమున తీరికగా దారియంతయు తిరిగి చూడవలెను. గోతులు, మూతలేని కాలువలు, కుక్కలు గుమిగూడు చోట్లు, పంక్చరు వేయు దుకాణములు, త్రాగునీరు దొరకు తావులు గుర్తించుకొనవలెను. పిమ్మట ఒక పనిదినమున సరిగా షిఫ్టు వేళకే పోయి చూడవలెను. ఉదయము 6, మధ్యాహ్నము 2, రాత్రి 10 గంటలకు షిఫ్టులు మారు కర్మాగారముల గేట్ల వద్ద ఒకేమారు వందలకొలది మనుష్యులు, వాహనములు రోడ్డెక్కుదురు. ఆదివారమునాడు నిర్మానుష్యముగా నుండిన దారి సోమవారమునాడు వేరొక దారి యగును. చివరకు ఇంటికి మరలు వేళలో, విశేషించి రాత్రివేళ, చూడవలెను. అలసటతో నున్న మనుష్యుడు చీకటిలో పోవు దారియే అసలు పరీక్ష. పోవు దారియు, వచ్చు దారియు ఒకటే కానవసరము లేదు.

అలవాటు లేనివారు మొదటి వారమున ఒకటి రెండు దినములు మాత్రమే సైకిలుపై పోయి క్రమముగా పెంచవలెను. గుండెజబ్బు గలవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

దారిలో పాటింపవలసినవి

ఎల్లప్పుడు ఎడమ ప్రక్కనే పోవలెను. ఆగియున్న కార్ల తలుపు హఠాత్తుగా తెరువబడవచ్చును గనుక వానికి ఒక మీటరు ఎడముగా పోవలెను. లారీకి ఎడమ ప్రక్కన ఇరుకుచోట దూరరాదు. రైలు పట్టాలను అడ్డముగా, సూటిగా దాటవలెను. ఏటవాలుగా దాటినచో చక్రము పట్టా సందులో చిక్కుకొనును. వర్షములో తడిసిన బ్రేకులు ఆలస్యముగా పట్టును. కావున నెమ్మదిగా పోవలెను. నీరు నిలిచిన చోట గోయి యుండునని తలంపవలెను. రాత్రివేళ ముందు తెల్లదీపము, వెనుక ఎఱ్ఱదీపము ఉండవలెను. తలకు హెల్మెట్టు ధరించుట మరువరాదు.

ఇచ్చట వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట కలదు. అట్టి దినములలో మధ్యాహ్నపు ప్రయాణము మానుట మంచిది. తప్పనిసరియైనచో నీరు వెంటనుంచుకొని, నీడలో ఆగుచు పోవలెను. తలతిరుగుట, వాంతి, మాట తడబడుట కనిపించినచో వెంటనే నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, ఒంటిని నీటితో తడిపి విసరవలెను. తెలివి తప్పినవారి నోట నీరు పోయరాదు.

ప్రమాదము జరిగినచో 108కి టెలిఫోను చేయవలెను. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. మెడను కదల్పరాదు. రోడ్డు ప్రమాదమున గాయపడినవారికి సద్బుద్ధితో సాయపడువారికి 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించినది. కావున ఎవ్వరును జంకవలసిన పని లేదు.

అభ్యాసము

1. ఇంటినుండి పనిచోటికి గల రెండు దారులను కాగితముపై గీయుడు. కూడళ్లను, వంతెనలను, కర్మాగారపు గేట్లను గుర్తింపుడు.

2. ఒక్కొక్క దారిలో మిక్కిలి కఠినమైన చోటు ఏది? దానిని తప్పించుటకు చుట్టుదారి కలదా? లేనిచో వేళ మార్చవచ్చునా, దిగి నడువవచ్చునా?

3. ఆ కాగితమును ఇంటివారికి చూపుడు. రాత్రి షిఫ్టునుండి మనిషి ఏ దారిన వచ్చునో ఇంటివారికి తెలిసి యుండుట కూడ రక్షణయే.

పది నిమిషములు ముందు చేరుటకంటె ప్రతిదినము క్షేమముగా ఇల్లు చేరుట మిన్న. అట్టి దారిని కనుగొనినవారు దానిని తోడి పనివారికి చూపవలెను. నలుగురు కలిసి పోవు దారి అందరికిని మరింత క్షేమకరము.