ఓడలో కడుపు తిప్పితే

శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. అక్కడి తల్లికి కూతురు అండమాన్‌లో ఉంది. మొన్ననే పురుడు వచ్చింది. తల్లికి మనవరాలిని చూడాలని ఆశ. విశాఖపట్నం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో వెళ్లాలి. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ప్రయాణం సుమారు మూడు రోజులు.

"ఓడెక్కితే డోకులేనట! నేనెళ్లలేనమ్మా" అంది తల్లి.

"భయమెందుకు పెద్దమ్మా?" అంది నర్సమ్మ. "ఓడ ఊగుతోందని చెవి లోపలి భాగం చెబుతుంది. గదిలో గోడలు కదలడం లేదని కన్ను చెబుతుంది. మెదడు తికమకపడుతుంది. అందుకే కడుపు తిప్పుతుంది."

ఏం చేయాలి?

● ఖాళీ కడుపుతో ఎక్కకూడదు. నూనె వంటలు వద్దు. ఇడ్లీ, మరమరాలు కొంచెం కొంచెం తినాలి.

● ఓడ నడుమ భాగంలో ఊపు తక్కువ. అక్కడ ఉండాలి.

● గాలి తగిలేచోట కూర్చుని, దూరంగా నీరూ ఆకాశమూ కలిసేచోటు చూడాలి. లేదా కళ్లు మూసుకుని పడుకోవాలి.

● అల్లం ముక్క నమిలితే కొందరికి తగ్గుతుంది.

● డాక్టరును అడిగి మాత్ర తెచ్చుకోవాలి. ఓడ ఎక్కకముందే వేసుకోవాలి. డోకు మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఏ మాత్రా వేసుకోరాదు.

● వాంతులైతే ఓ.ఆర్.ఎస్. నీళ్లు గుక్కగుక్కగా తాగాలి. నీళ్లు కూడా ఇమడకపోతే, మూత్రం తగ్గితే, వెంటనే ఓడలోని డాక్టరుకు చెప్పాలి.

తల్లి ఓడెక్కింది. మొదటి రోజు ఒకసారి డోకొచ్చింది. రెండో రోజుకు అలవాటయింది. ఓడ దిగి మనవరాలిని ఎత్తుకుంది.

చెప్పండి: మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? ఎందుకు?