అతుకులలో ఒదిగిన గూడబాతు

తెలుగులో ‘అతుకుల బొంత’ అనే మాట నిందార్థంలో స్థిరపడింది. పొందిక లేని రచనను, పొసగని స్నేహాన్ని, నిలకడ లేని ప్రభుత్వాన్ని ఆ మాటతోనే ఎత్తిపొడుస్తారు. కాని బొంత కుట్టే చేతులకు తెలిసిన సత్యం వేరు. అతుకు సరిగా పడని బొంత ఎక్కువ కాలం మన్నదు. పాత చీరలను పొరలుగా పరచి, చినిగిన చోట మాసిక వేసి, అంచు నుండి అంచుకు వరుస తప్పకుండా కుట్టే పనిలో లెక్క ఉంది, ఓర్పు ఉంది, రంగుల ఎరుక ఉంది. ఆ ఎరుక ఎంత లోతైనదో తెలియాలంటే అతుకుపనిలోని ఒక కఠినమైన విద్యను పరిశీలించాలి. కాగితాన్ని ఆధారంగా చేసుకొని, గుడ్డముక్కలతో పశుపక్ష్యాదుల రూపాలను కూర్చడమే ఆ విద్య.

ఇది ఇంగ్లండులో బాగా వ్యాపించింది. అక్కడి పాత పద్ధతిలో ప్రతి ముక్కకు ఒక కాగితం కత్తిరించి, గుడ్డను దానిపై మడిచి టాకా వేసి, ఆ మడతల అంచులను చేతితో కలిపి కుట్టేవారు. ఆ విధంగా తయారైన ఒక పట్టు దుప్పటిపై 1718 అనే సంవత్సరం, రెండు పొడి అక్షరాలు కుట్టి ఉన్నాయి. జంతువులు, పక్షులు, పూలు, మనుషులు దానిలో కొలువుతీరారు. బ్రిటన్‌లో తేదీ కలిగిన అతుకుపనులలో అదే మిక్కిలి పాతదిగా గుర్తింపు పొందింది. దాని లోపలి కాగితాలు నేటికీ నిలిచి ఉన్నాయి. కుట్టినవారి పూర్తి పేరు మాత్రం నిలువలేదు.

ఈ వస్త్రచరిత్రకు నెల్లూరు తీరంతోనూ సంబంధం ఉంది. స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న వాకాడు చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. ఆ మండలంలోని సముద్రతీర గ్రామం దుగరాజపట్నం. 1626 ప్రాంతంలో ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకస్థావరాన్ని నెలకొల్పింది. కంపెనీ పత్రాలలో దానికి ‘ఆర్మగాన్’ అని పేరు. 1640 ప్రాంతంలో ఆ వర్తకులు మద్రాసుకు తరలిపోయారు. వారిని ఈ తీరానికి రప్పించినవి ఇక్కడి నూలు వస్త్రాలు, అద్దకపు గుడ్డలు. కోరమండల్ తీరపు చిత్రవస్త్రాలపై ఆంగ్లేయుల మోజు ఎంతగా పెరిగిందంటే, స్వదేశపు నేతగాళ్లను కాపాడేందుకు 1721లో వారి పార్లమెంటు అటువంటి గుడ్డల వాడకాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అనే భవనంలో 1708 నాటివిగా చెప్పే అతుకుల దుప్పట్లు భారతదేశపు చిత్రవస్త్రాల ముక్కలతో కూర్చినవే. పరాయి దేశంలో ఒక్క ముక్క కూడా పారవేయడానికి మనసొప్పనంత విలువ ఆ గుడ్డకు ఉండేది.

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి కొంత భిన్నమైనది. ఇందులో బొమ్మ మొత్తాన్ని కాగితంపై సరళరేఖలతో గీసి, గడులకు వరుస సంఖ్యలు వేసి, కాగితంతో సహా కుడతారు. దీనికి ఉదాహరణగా గూడబాతును తీసుకోవచ్చు. వాకాడుకు దక్షిణాన ఉన్న నేలపట్టు పక్షుల రక్షణకేంద్రంలో ఏటా గూళ్లు కట్టే ఈ పక్షి ఆ ప్రాంతానికి చిరపరిచితం. పొడవైన ముక్కు, దాని కింద సంచి, వంపు తిరిగిన మెడ, బరువైన దేహం దాని లక్షణాలు.

మొదటి చిక్కు మెడ దగ్గరే వస్తుంది. ఈ కుట్టుకు వంపు తెలియదు. కనుక మెడ వంపును నాలుగైదు చిన్న సరళరేఖలుగా విడగొట్టాలి. రెండవ చిక్కు దిశ. గీతలు కాగితానికి ఒకవైపు, గుడ్డలు రెండవ వైపు ఉంటాయి. కుడివైపుకు చూడవలసిన పక్షిని ఎడమవైపుకు చూస్తున్నట్లు గీయాలి. మూడవది వరుస. ఒకటవ ముక్కను కాగితం వెనుక ముఖభాగం పైకి కనబడేట్లు ఉంచి, రెండవదాన్ని దానిపై బోర్లించి, గీత వెంట కుట్టి, కుట్టుకు ఆవల పావు అంగుళం విడిచి కత్తిరించి, ముక్కను తిప్పి ఇస్త్రీ చేయాలి. మూడవ ముక్క ఆ తరువాతనే. వరుస తప్పితే ముందు ముక్క అంచు కప్పబడక బయటనే మిగిలిపోతుంది. బొమ్మ అంతటినీ ఒకే వరుసలో కుట్టడం సాధ్యం కానప్పుడు తల, మెడ, రెక్క, దేహం అని భాగాలు చేసి, విడివిడిగా ముగించి, చివర గుండుసూదులతో మూలలు సరిచూసి కలుపుతారు.

కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. గుడ్డను గడికి సరిపోయేంత మాత్రమే కత్తిరిస్తారు. బోర్లించి కుట్టి తిప్పగానే ముక్క వాలు మారి, ఒక మూల ఖాళీగా మిగులుతుంది. అప్పుడు కుట్టు విప్పక తప్పదు. చివర కాగితం తేలికగా చిరిగిరావాలని కుట్లు మిక్కిలి చిన్నవిగా వేస్తారు కనుక విప్పడం కుట్టడం కన్నా కష్టం. గుడ్డ పీచు రేగుతుంది. కాగితం ముందే చిరుగుతుంది. అందుచేత ముక్కను కొంత పెద్దదిగా కత్తిరించి, కుట్టుకు ముందే సూదితో నిలిపి, తిప్పి చూసుకోవాలి. మెత్తబడిన పాత చీరకు గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే గుడ్డ సాగకుండా నిలుస్తుంది. ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా ముక్కు కొన దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చి, పక్షి కొంగలా కనబడవచ్చు. అప్పుడు మొత్తాన్ని పారవేయనక్కర లేదు. భాగాలుగా కుట్టిన పని కనుక తప్పిన భాగాన్ని మాత్రమే తిరిగి కుడితే చాలు.

కఠినమైన పనిని ఎదుర్కొనే పద్ధతి కూడా ఇందులోనే ఉంది. గూడబాతును ఒక్కసారిగా చూచినవారికి అది అసాధ్యంగా తోస్తుంది. సంఖ్య వేసిన ఒక్కొక్క గడిని చూచినవారికి ప్రతిదీ ఒక చిన్న సరళరేఖ మాత్రమే. ధైర్యమంటే ఇక్కడ సాహసం కాదు, తరువాతి గీత ఏదో తెలిసి ఉండడం.

పని ముగిశాక కాగితాన్ని చించివేస్తారు. దారి చూపిన గీతలు కనబడవు. పక్షి మిగులుతుంది. ఇళ్లలో బొంతలు కుట్టిన స్త్రీల కథ కూడా ఇటువంటిదే. ఏ చీర ముక్క ఎక్కడ ఒదుగుతుందో, ఏ పొర పైకి రావాలో వారు మనసులోనే గీసుకున్నారు. ఆ గీతలను ఎవరూ చూడలేదు, వారి పేర్లను ఎవరూ రాయలేదు. బిడ్డల చలిని కాచిన వెచ్చదనం మాత్రం మిగిలింది. ఆ శ్రమ తెలిసినవారు ‘అతుకుల బొంత’ అనే మాటను నిందగా వాడేముందు ఒక్క క్షణం ఆగుతారు.