ఊరి హైస్కూలా, ఏలూరు బడా?

ప్రశ్న: మాది కైకలూరు మండలం. మా వారు ఏలూరులో పనిచేస్తారు. బాబు ఆరో తరగతికి వస్తున్నాడు. ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్చాలా, ఏలూరులో ఇల్లు అద్దెకు తీసుకుని మున్సిపల్ హైస్కూల్లో చేర్చాలా?
– ఒక తల్లి

జవాబు: పట్నంలో ఉన్నంత మాత్రాన బడి గొప్పదైపోదమ్మా. రెండు చోట్లా అవే పాఠ్యపుస్తకాలు, అదే పదో తరగతి పరీక్ష. తేడా అంతా టీచర్ల దగ్గరే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక టీచరు ఉండాలి. లెక్కలు–సైన్సు, సాంఘికం, భాషలకు కనీసం ఒక్కొక్కరైనా ఉండాలి. రెండు బళ్లకీ వెళ్లి ఏ పోస్టులు ఖాళీగా ఉన్నాయో అడగండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి వాళ్లనీ కదపండి, అసలు సంగతి తెలుస్తుంది.

ఊళ్లో ఉంటూ రోజూ ఏలూరు పంపే ఆలోచన మాత్రం వద్దు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే కొల్లేటి రోడ్లు మునుగుతాయి, బడి పోతుంది.

ఊళ్లో లెక్కలకీ, సైన్సుకీ టీచర్లుంటే అక్కడే చేర్చండి, అద్దె ఖర్చు మిగులుతుంది. లేకుంటే ఏలూరుకు కాపురం మార్చండి. మధ్యలో మారాల్సివచ్చినా భయం లేదు. ఎనిమిదో తరగతి దాకా, టీసీ ఆలస్యమైందన్న సాకుతో ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు.