నాగజెముడు కూర: కోసే ముందు, వండే ముందు

"షుగరు ఉన్నవారికి నాగజెముడు మంచిదట, వండి పెట్టవచ్చా?" అని మీకు సందేహం కలగవచ్చు. వండవచ్చు. అయితే ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఈ పాఠాన్ని ఇంట్లో వంట చేసేవారికి కూడా చదివి వినిపించండి.

1. ఇది ఏ మొక్క?

నెల్లూరు తీరంలో ఇసుక నేలల మీద, తోటల కంచెల్లో పాము పడగలాంటి పచ్చని మట్టలతో పెరిగేదే నాగజెముడు. ఆకులా కనిపించే ఆ మట్ట నిజానికి కాండం. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 18వ శతాబ్దం చివర మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఎర్రరంగునిచ్చే పురుగులను పెంచడానికి ఈ జాతి మొక్కలను నాటించారు. మెక్సికో దేశంలో లేత మట్టలు రోజువారీ కూరగాయ. మన ఇళ్ళలో పండు తినడమే తప్ప మట్టను వండే అలవాటు పెద్దగా లేదు. అందువల్లనే పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ.

2. పాలు కారితే వదిలేయండి

బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అనేవి వేరే జాతి మొక్కలు. వీటిని గిల్లితే తెల్లని పాలు కారుతాయి. ఆ పాలు విషం. నోరు, కడుపు మండుతాయి. కంట్లో పడితే చూపు దెబ్బతినవచ్చు. బ్రహ్మజెముడు అనే పేరును ఒక్కో ఊరిలో ఒక్కో మొక్కకు వాడతారు. కనుక పేరును నమ్మకండి, కోతను చూడండి. నాగజెముడు మట్టను కోస్తే బెండకాయలా జిగురు వస్తుంది గాని పాలు రావు.

పాలు కంట్లో పడితే నలపవద్దు. శుభ్రమైన నీటిధారతో 15 నుండి 20 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. నాటు మందులు వేయవద్దు.

3. ముళ్ళు తీసే పద్ధతి

పెద్ద ముళ్ళు కంటికి కనిపిస్తాయి. వాటి మొదట్లో ఉండే నూగుముళ్ళే అసలు బాధ పెడతాయి. అరచేయంత లేత మట్టలనే ఎంచుకోండి. ముదురు మట్టలో పీచు ఎక్కువ. దూదిలాంటి తెల్లని పురుగు పట్టినవి, మురుగు పక్కన పెరిగినవి వద్దు. మట్టను పట్టకారుతో పట్టుకొని మంట మీద రెండువైపులా కాల్చండి. తరువాత కత్తితో గీకి, అంచులు కోసివేసి, బాగా కడగండి. చేతికి నూగుముళ్ళు గుచ్చుకుంటే రుద్దవద్దు, నోటితో తీయవద్దు. ప్లాస్టరు టేపు అంటించి లాగండి.

ముళ్ళు లేని తినే రకం దొరికితే ఇంకా మేలు. కోసిన మట్టను వారం రోజులు నీడన ఆరనిచ్చి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే వేరు పోసుకుంటుంది.

4. నాగజెముడు పెసరపప్పు

కావలసినవి: లేత మట్టలు 3, పెసరపప్పు 1 కప్పు, ఉల్లిపాయ 1, పచ్చిమిరపకాయలు 3, పసుపు, తాలింపు సామాను.

మట్టలను చిన్న ముక్కలుగా కోసి 10 నిమిషాలు ఉడికించి, ఆ నీరు పారబోయండి. ముక్కలను మళ్ళీ కడిగి, మూకుడులో జిగురు ఆరేవరకు వేయించండి. ఉడికిన పప్పులో కలిపి తాలింపు పెట్టండి. మట్టలో సహజంగానే పులుపు ఉంటుంది కనుక చింతపండు అక్కరలేదు. రాత్రిపూట మట్టలో పులుపు చేరుతుంది. అందుచేత ఉదయం కోసినది పుల్లగా, మధ్యాహ్నం కోసినది చప్పగా ఉంటుంది. ఎండురొయ్యలు వేస్తే రుచిగానే ఉంటుంది కాని, బి.పి. ఉన్నవారికి ఆ ఉప్పు మంచిది కాదు.

5. రోగికి పెట్టేటప్పుడు

100 గ్రాముల పచ్చి మట్టలో సుమారు 94 గ్రాములు నీరే. పీచు 2 గ్రాములు, శక్తి 16 కేలరీలు ఉంటాయి. భోజనం తరువాత షుగరు పెరగడాన్ని ఇది కొంత తగ్గిస్తుందని మెక్సికోలో జరిగిన చిన్న పరిశోధనల్లో కనిపించింది. అంతమాత్రాన ఇది మందు కాదు.

- షుగరు మాత్రలు, ఇన్సులిన్ ఆపవద్దు. కూర తిన్న రోజున చెమట, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే, రోగి స్పృహలో ఉంటే 3 చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగించి, డాక్టరుకు చూపించండి.
- మూత్రపిండాల జబ్బు, మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారికి డాక్టరును అడగకుండా పెట్టవద్దు. ఈ మట్టలో పొటాషియం, ఆక్సలేటు ఉంటాయి.
- పచ్చి రసం తాగించవద్దు. మొదటిసారి రెండు చెంచాల కూర చాలు. కడుపు ఉబ్బరం, విరేచనాలు లేకుంటేనే పెంచండి.
- పండ్లు గింజలతో సహా ఎక్కువగా తింటే పిల్లలకు తీవ్రమైన మలబద్ధకం రావచ్చు.

గుర్తుంచుకోండి: పాలు కారేది విషం. ముల్లు తీయనిది వంటకు పనికిరాదు. కూర ఎంత మంచిదైనా మాత్రకు బదులు కాదు. కోసిన మొక్క ఏదో మీకే అనుమానంగా ఉంటే దానిని పారేసి, ఆ పూటకు బెండకాయ వండుకోండి.