నీటి ట్యాంకరు నెమ్మదిగా నిండుటకు కారణములు, నివారణోపాయములు

వేసవిలో గ్రామ పంచాయతీకి నీటి ట్యాంకరు కుడిభుజము వంటిది. బోర్లు ఎండిన వాడలకు త్రాగునీరు, నర్సరీ మొక్కలకు తడి, పెండ్లిండ్లకు, జాతరలకు కావలసిన నీరు దానివలననే అందుచుండును. 2019 తరువాత తెలంగాణములోని గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చబడినవి. అయితే ట్యాంకరు ఉన్నంత మాత్రమున నీరు అందదు. అది ఎంత త్వరగా నిండిన, దినమునకు అన్ని ఎక్కువ తడవలు తిరుగగలదు. 20 నిమిషములలో నిండవలసిన ట్యాంకరు 50 నిమిషములు తీసికొనినచో, ఆ ఆలస్యపు కష్టము మొదటి వాడకు తెలియదు. ఊరి చివరనున్న వాడకే తగులును. కావున ఈ విషయమును డ్రైవరుకు వదలివేయక, పంచాయతీ సభ్యులు స్వయముగా తెలిసికొనుట అవసరము.

నగరము నేర్పు పాఠము

హైదరాబాదునకు పడమట నున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు పొలములు, చెరువులు, రాతిగుట్టలు గల గ్రామములు. 1998 నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఆ ప్రాంతము హైటెక్ సిటీగా మారెను. మంజీరా, కృష్ణా, గోదావరి జలములు దూరమునుండి వచ్చుచున్నను, 2024 వేసవిలో బోర్లు అడుగంటినపుడు అచ్చటి బహుళ అంతస్తుల భవనములు అనేకము ట్యాంకర్ల కొరకు ఎదురుచూచినవి. ఎత్తైన భవనములకును, పూరిండ్లకును నీటి విషయమున అక్కర ఒక్కటియే.

నగరములోని జలమండలి కేంద్రములలో ట్యాంకర్లను నింపు విధానము గమనింపదగినది. ట్యాంకరు పై మూతను పూర్తిగా తెరచి, పైనుండి వెడల్పైన గొట్టముతో నీరు విడుతురు. నీరు వచ్చు దారి విశాలము. గాలి పోవు దారి విశాలము. ఈ రెండును ఉన్నచోట ఆలస్యమునకు తావు తక్కువ.

దీనికి భిన్నముగా, సినిమా చిత్రీకరణలకు వచ్చు వానిటీ వానులలోను, ప్రయాణికులు నివసించు కారవానులలోను నీటి ట్యాంకు మూయబడి యుండును. సన్నని గొట్టముతో నింపవలెను. గాలి పోవు సన్నని నాళము మూసికొనినచో నీరు లోనికి పోక వెనుకకు చిమ్మును. పంచాయతీ ట్యాంకరును మూత బిగించి ప్రక్కగొట్టము ద్వారా నింపినపుడు జరుగునదియు ఇదియే.

మొదట కొలువవలెను

ట్యాంకరు నెమ్మదిగా నిండగానే పెద్ద మోటారు కొనవలెనని తీర్మానించుట తొందరపాటు. ఒక 20 లీటర్ల బకెట్టు, ఒక గడియారము ఉన్న చాలును. దోషము ఎచ్చట నున్నదో తెలియును.

నింపు గొట్టపు చివరను ట్యాంకరు నోటి ఎత్తునకు పైకెత్తి బకెట్టును నింపుడు. నేలమీద పట్టి కొలిచినచో నీరు ఎక్కువగా వచ్చి లెక్క తప్పును. మూడుమారులు కొలిచి సగటు తీయుడు. బకెట్టు 5 సెకనులలో నిండినచో నిమిషమునకు 240 లీటర్లు వచ్చుచున్నవని అర్థము. అట్టి ధారతో 5,000 లీటర్ల ట్యాంకరు సుమారు 21 నిమిషములలో నిండవలెను. అయినను 50 నిమిషములు పట్టుచున్నచో దోషము ట్యాంకరులోనే యున్నది.

అట్లుగాక బకెట్టు నిండుటకే 12 సెకనులు పట్టినచో నిమిషమునకు వచ్చునది 100 లీటర్లు మాత్రమే. అప్పుడు 50 నిమిషములు పట్టుట న్యాయమే, ట్యాంకరు నిర్దోషి. దోషము గొట్టములోనో, నీటి మూలములోనో ఉండును. గొట్టమును విప్పి కుళాయి వద్దనే కొలిచిన ఆ సంగతి తేలును. అచ్చట ధార బలముగా నుండి, గొట్టపు చివర మిక్కిలి తగ్గినచో గొట్టమును చూడవలెను.

ట్యాంకరులో దోషము

1. గాలి నాళము: 5,000 లీటర్ల నీరు లోనికి పోవలెనన్న 5,000 లీటర్ల గాలి బయటికి పోవలెను. గాలి నాళమును కందిరీగల మట్టిగూళ్లు, ఎండిన బురద, రంగు పూత మూసివేయుచుండును. నిండుచుండగా పై మూతను వదులు చేసిన వెంటనే బుస్సుమని గాలి వెడలి, నీటి వేగము హెచ్చినచో కారణము ఇదియే. నాళమును ఇనుప తీగతో శుభ్రపరచి, పురుగులు చొరకుండ సన్నని వల కట్టవలెను. ఈ నాళము మూసియుండగా నీరు వదలినచో ధార నెమ్మదించుటయేగాక, లోన గాలి పలుచనై రేకులు లోపలికి సొట్టపోవు ప్రమాదము కలదు.

2. జల్లెడ, వాల్వు: నింపు నోటివద్ద నున్న జల్లెడలో తుప్పు పెళ్లలు, నాచు చేరును. బోరునీరు కఠినమైనదైనచో సున్నపు పొర పేరుకొని రంధ్రములు పూడును. జల్లెడను విప్పి కడుగవలెనే గాని తీసి పారవేయరాదు. వాల్వు పిడి తిరుగుచున్నను లోని పలక లేవకపోవచ్చును, విప్పించి చూడవలెను.

3. అడ్డుపలకలు, వాలు: ప్రయాణమున నీరు ఎగిరిపడకుండుటకు లోన అడ్డుపలకలుండును. వాటి రంధ్రములు పూడినను, ట్యాంకరును వాలుగా నిలిపినను, ఒక మూల గాలి చిక్కుకొనును. సమతల ప్రదేశమున నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి నింపవలెను. నిండిన 5,000 లీటర్ల నీటి బరువే 5 టన్నులని మరువరాదు.

గొట్టములో దోషము

గొట్టము మడతపడుట, లోపొర ఊడి అడ్డుపడుట, చిల్లులు పడుట తరచుగా కనబడును. వీటికన్న ముఖ్యమైనది గొట్టపు వ్యాసము. ఒకే ఒత్తిడి, ఒకే పొడవు ఉన్నపుడు, ఒక అంగుళపు గొట్టముకంటె రెండంగుళముల గొట్టములో అయిదింతలకు పైగా నీరు పారును. గొట్టపు పొడవును నాలుగింతలు చేసిన ప్రవాహము సుమారు సగమగును. కావున ట్యాంకరును కుళాయి దగ్గరకు చేర్చి, పొట్టిదియు వెడల్పైనదియునగు గొట్టమును వాడుట పెద్ద మోటారుకంటె చౌకయైన ఉపాయము.

మూలములో దోషము

పై ట్యాంకునుండి నింపుచున్నపుడు ఒత్తిడి నీటి ఎత్తును బట్టి యుండును. ప్రతి 10 మీటర్ల ఎత్తునకు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి కలుగును. ఊరికి కుళాయిలు వదలిన వేళ ట్యాంకరును కూడ నింపినచో ఇరువురకును నీరు చాలదు, వేళలు మార్చవలెను.

బోరునుండి నింపుచున్నపుడు మొదట ధార బలముగా వచ్చి, కొంతసేపటికి గాలితో కలిసి చిమ్ముచున్నచో నీటిమట్టము మోటారు వరకు దిగినదని గ్రహింపవలెను. పెద్ద మోటారు బిగించిన బోరు మరింత త్వరగా ఎండును. కొంతసేపు నడిపి, కొంతసేపు విశ్రాంతి నిచ్చుటయే మంచిది. మొదటినుండియు ధార బలహీనముగా నున్నచో విద్యుత్తు వోల్టేజిని, మోటారును, పైపు అతుకులను పరీక్షింపించవలెను.

చేయరాని పనులు

నీరు త్వరగా రావలెనని ఊరి కుళాయిల పైపునకు నేరుగా మోటారు బిగింపరాదు. పైపులో ఒత్తిడి పడిపోయి, అతుకుల ప్రక్కనున్న మురుగును అది లోనికి పీల్చును. పొరుగు వీధికి నీరు ఆగుటయేగాక రోగములు ప్రబలును. గొట్టపు చివరను ట్యాంకరు నీటిలో ముంచియుంచరాదు; సరఫరా ఆగినపుడు నీరు వెనుకకు పారి పైపును చెరచును. నిండు మట్టమునకు పైన జానెడు ఎడము ఉంచవలెను. శుభ్రపరచుటకై ఎవరినైనను ఒంటరిగా ట్యాంకరులోనికి దింపుట ప్రాణాపాయకరము.

త్రాగునీటి ట్యాంకరును క్లోరినుతో శుద్ధి చేయవలెను. నీరు ప్రజలకు చేరువేళ లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను.

పంచాయతీ కర్తవ్యము

ట్యాంకరుకు ఒక పుస్తకము ఏర్పరచి, ప్రతి తడవ నింపుట మొదలైన వేళ, నిండిన వేళ, నీరు పోసిన వాడ పేరు వ్రాయించవలెను. 21 నిమిషముల పని 30 నిమిషములకు చేరినపుడే పరీక్ష జరిపినచో, వేసవి ముదిరిన పిదప తడబడవలసిన పని యుండదు. ఈ పుస్తకమును పంచాయతీ సమావేశమున సభ్యులందరు చూడవలెను. ఏ వాడకు ఎన్ని తడవలు నీరు చేరినదో అందులోనే తేలును. కొలిచి దోషమును కనుగొనిన పంచాయతీకి డబ్బు మిగులును. చివరి వాడకు నీరు సకాలమున చేరును.