బడిపంతులే కోచ్ అయిన వేళ – సయ్యద్ అబ్దుల్ రహీం

ఆటల పీరియడ్ అనగానే మన హాస్టళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "మంచి గ్రౌండ్ లేదు, బాల్ లేదు, ఏం ఆడతాం?" రెండోది, "ఆటలు తిండి పెడతాయా?" జనగామలోనైనా, మానుకోటలోనైనా, భూపాలపల్లిలోనైనా ఈ మాటలు మారవు. ఈ రెండింటికీ మన హైదరాబాద్‌కు చెందిన ఒక బడిపంతులు తన జీవితంతోనే జవాబు చెప్పారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ ప్రేమగా పిలుచుకున్న పేరు రహీం సాబ్.

బడి నుంచి మైదానానికి

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన శిష్యులైన భారత జట్టు స్వర్ణ పతకం సాధించింది.

ఓటమిని చదివిన గురువు

మరుసటి ఏడాది, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, యుగోస్లావియా చేతిలో మన జట్టు 10–1 తేడాతో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో వట్టి కాళ్లతో ఆడారు. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచింది. సెమీఫైనల్‌లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4–1తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. అయినా నాలుగేళ్లలో ఎంత దూరం వచ్చామో చూడండి. పరీక్ష తప్పిన విద్యార్థి జవాబు పత్రాన్ని దాచిపెట్టకుండా ముందేసుకుని చదివినట్లు, రహీం సాబ్ ఆ ఓటమిని చదివారు.

ఖర్చు లేని పాఠాలు

ఆయన పద్ధతులలో డబ్బుతో కొనేవి తక్కువ. బలహీనమైన కాలితోనే ఆడాలని పిల్లలకు ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే తిప్పుకోకుండా, ఒక్క తాకుతోనే తోటివాడికి అందించే ఆట ఆడించేవారు. ఒక చిన్న నిబంధన మారిస్తే చాలు, అదే గ్రౌండ్, అదే బంతి కొత్త పాఠం అవుతాయి. ఇది పంతులుగారి బుర్రలో పుట్టే ఆలోచన.

ఆయన చూపు కూడా పంతులుదే. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాంలోని ఆటగాడిని ఆయనే గుర్తించారు. శిక్షణకు రావడానికి దారి ఖర్చులు లేవంటే సైకిలు ఏర్పాటు చేశారని చెప్పుకుంటారు. ఆ బలరామే మెల్బోర్న్‌లోనూ, ఆ తరువాత జకార్తాలోనూ దేశం తరఫున ఆడారు.

చివరి పరీక్ష

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆహ్వానించకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధి తప్పుపట్టడంతో అక్కడి జనం మనపై కోపంగా ఉన్నారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయనను ముందు వరుసలోకి మార్చి ఆడించారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో అదే కొరియాపై పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేశారు. 2–1తో స్వర్ణం మనదైంది. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఫుట్‌బాల్‌లో మనకు ఆసియా క్రీడల స్వర్ణం ఆ తరువాత రాలేదు.

మిగిలిందేమిటి?

కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి ఆయన లేరు. ఆయన కథతో 'మైదాన్' సినిమా 2024లో వచ్చింది. కానీ గురువు అసలు ఆస్తి అవార్డూ కాదు, సినిమా కాదు. నేర్చుకున్నవాడు మళ్లీ నేర్పడమే. శిష్యుడు పి.కె. బెనర్జీ కోచ్‌గా మారి, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు కెప్టెన్, హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్ కూడా కోచ్ అయి 1990లో ద్రోణాచార్య అందుకున్నారు.

ఇది పాత కాలం ముచ్చట అనుకోకండి. మానుకోటకు పొరుగునే ఉన్న వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి సంగతి చూడండి. కూలి పని చేసుకునే ఇంటి బిడ్డ. మొదట బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడింది. తరువాత ద్రోణాచార్య గ్రహీత నాగపురి రమేష్ దగ్గర శిక్షణ పొందింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టి20 విభాగంలో 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. బడిలో సారు చూడకపోతే ఆ పరుగు పొలం గట్ల మీదే ఆగిపోయేది.

మనం చేయగలిగింది

1. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వారానికి ఒకరోజు బలహీనమైన కాలితోనే ఫుట్‌బాల్ ఆడండి. కబడ్డీలో అలవాటు లేని వైపు నుంచి కూతకు వెళ్లండి. దీనికి పైసా ఖర్చు లేదు.

2. ఆటలు తిండి పెడతాయా అంటే, నేర్పేవారికీ పెడతాయి. ఇంటర్ తరువాత డి.పి.ఎడ్., డిగ్రీ తరువాత బి.పి.ఎడ్. చదవడానికి పీసెట్ రాయవచ్చు.

3. పూర్వ విద్యార్థులైన అన్నలూ, అక్కలూ! వార్షికోత్సవానికి వచ్చి దండలు వేయించుకుని వెళ్లడం మంచిదే. నెలకొక ఆదివారం వచ్చి గ్రౌండ్‌లో రెండు గంటలు నిలబడితే ఇంకా మంచిది. ఈ హాస్టల్లోనూ ఒక బలరాం, ఒక దీప్తి ఉండవచ్చు. చూసే కన్ను కావాలి.