కొసమడి రైతు – కొస ర్యాంకు ఆటగాడు

ఆటలో గెలుపోటములు సహజం. ఎక్కువ నేర్చినవాడు గెలుస్తాడు, తక్కువ నేర్చినవాడు ఓడుతాడు. ఇందులో అన్యాయమేమీ లేదు. కాని ఆట మొదలు కాకముందే మరొక పోటీ కలదు. ఎవరిని ఆడనివ్వాలి, ఎవరి ఖర్చు ఎవరు భరించాలి అన్నదే ఆ పోటీ. దాని స్కోరు పేపర్లో రాదు. ఈ వ్యాసంలో టెన్నిస్‌ను ఉదాహరణగా తీసుకొని ఆ రెండో పోటీని పరిశీలిద్దాం. టెన్నిసే ఎందుకంటే, అందులో ప్రతి ఆటగానికీ ఒక అంకె ఉంటుంది. అంకెలున్న చోట సైన్సు విద్యార్థికి పని సులువు.

ర్యాంకు అనే చక్రం

టెన్నిస్‌లో గడిచిన 52 వారాల పాయింట్లను బట్టి ర్యాంకు ఇస్తారు. ర్యాంకును బట్టి టోర్నమెంటులో చోటు ఇస్తారు. చోటు దొరికితేనే పాయింట్లు. అంటే పాయింట్లు లేక చోటు లేదు, చోటు లేక పాయింట్లు లేవు. పురుషుల్లో గ్రాండ్‌స్లామ్ విజేతకు 2000 పాయింట్లు. అన్నిటికన్నా కింది మెట్టు, అంటే 15 వేల డాలర్ల టోర్నమెంటు గెలిచినవానికి 15 పాయింట్లు. ఆ గెలుపుకు వచ్చే సొమ్ము రెండువేల డాలర్లకు కొంచెం ఎక్కువ. మొదటి రౌండులో ఓడితే నూటయాభై డాలర్ల చిల్లర. విమానం టికెట్టు మాట అటుంచి, హోటలు గదికే చాలదు.

ఇది చూస్తే నాకు మా పెద్దమందడి వైపు చెరువు కింది సేద్యం గుర్తుకొస్తుంది. తూము దగ్గరి మడికి ముందు నీళ్ళు. అది బాగా పండుతుంది కాబట్టి ఆ రైతు చేతిలో పైసలాడతాయి, ఎరువు వేస్తాడు, ఇంకా పండుతుంది. కొసమడి రైతు అదే కష్టం చేసినా వెనకబడతాడు. మా నాయిన అంటుంటాడు: "తూము కాడున్నోనికి దినాం నీళ్ళే, కొసకున్నోనికి దినాం ఎదురుచూసుడే." రెండు మళ్ళ దిగుబడిలో ఉన్న తేడా అంతా రైతుల తెలివిలోని తేడా కాదు గదా!

లెక్కలు ఏమంటున్నాయి?

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య చేయించిన పరిశీలన ప్రకారం 2013లో ప్రపంచమంతటా సుమారు 14 వేలమంది వృత్తి పోటీల్లో ఆడారు. అందులో దాదాపు ఆరువేల మందికి పైసా బహుమతి రాలేదు. కోచ్ జీతం కలపకుండానే ఒక పురుష ఆటగాని సగటు ఏటి ఖర్చు 38,800 డాలర్లు. ఖర్చూ రాబడీ సరిపోయింది పురుషుల్లో 336వ ర్యాంకు వరకు, స్త్రీలలో 253వ ర్యాంకు వరకు మాత్రమే. ఆ తరువాత 2024 నుండి పురుషుల టెన్నిస్ సంఘం 250 ర్యాంకు లోపువారికి కనీస రాబడి హామీని మొదలుపెట్టింది. మంచిదే. కాలువ కొంత దూరం సాగింది. కాని 251వ వాడు మళ్ళీ కొసమడే.

బ్రిటన్ సంగతి

బ్రిటన్‌లో టెన్నిస్‌కు డబ్బు కరువు లేదు. వింబుల్డన్ మిగులులో అధికభాగం వారి జాతీయ టెన్నిస్ సంఘానికే పోతుంది. అయినా కింది ర్యాంకు బ్రిటిష్ ఆటగాళ్ళ అసంతృప్తి తీరలేదు. పెద్ద సహాయం వయసూ ర్యాంకూ చూసి కొద్దిమందికే అందుతుంది. వింబుల్డన్ సింగిల్స్‌లో 128 చోట్లుంటే అందులో 8 వైల్డ్ కార్డులు, అంటే ర్యాంకుతో పని లేకుండా నిర్వాహకులు పిలిచి ఇచ్చే చోట్లు. 2025లో మొదటి రౌండులో ఓడినా 66 వేల పౌండ్లు, మన లెక్కలో డెబ్బై లక్షల పైచిలుకు. చిన్న టోర్నమెంటు దాదాపు నలభైసార్లు గెలిస్తే గాని ఆ సొమ్ము రాదు. కాబట్టి వైల్డ్ కార్డు చోటు మాత్రమే కాదు, పెట్టుబడి కూడా.

అట్లని వైల్డ్ కార్డు చెడ్డదని అనలేం. 2021లో 338వ ర్యాంకులో ఉన్న ఎమ్మా రదుకానుకు వింబుల్డన్‌లో అది దొరికింది. నాలుగో రౌండు చేరింది. అదే ఏడు అర్హత పోటీల నుండి వచ్చి అమెరికన్ ఓపెన్ గెలిచింది. మరి 2016లో 772వ ర్యాంకు మార్కస్ విల్లిస్‌ను ఎవరూ పిలవలేదు. అర్హత పోటీకి ముందు జరిగే పోటీలో గెలిచి, అర్హత పోటీలోనూ గెలిచి, వింబుల్డన్ రెండో రౌండులో ఫెదరర్ ఎదుట నిలబడ్డాడు. ఒకరిది పిలుపు, ఒకరిది తెరిచిన తలుపు. న్యాయం రెండో దానిలో ఎక్కువ ఉన్నదని నా అభిప్రాయం.

మన తెలుగువారు

మన హైదరాబాదులో 2003 నుండి 2005 వరకు మహిళల అంతర్జాతీయ టోర్నమెంటు జరిగింది. సానియా మీర్జాకు 2004లో అందులో వైల్డ్ కార్డు దొరికింది. సింగిల్స్‌లో మొదటి రౌండులోనే ఓడినా డబుల్స్ గెలిచింది. 2005లో అదే చోట సింగిల్స్ టైటిల్ గెలిచి, ఆ స్థాయిలో గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఇంటి దగ్గర పోటీ ఉంటే ఎంత మేలో చూడండి. తరువాత ఆ టోర్నమెంటు బెంగుళూరుకు పోయింది.

కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా యూనివర్సిటీలో చదువుతూ ఆడాడు. 2014 ఏషియాడ్‌లో సానియాతో కలిసి బంగారు పతకం తెచ్చాడు. 2016లో, 28 ఏళ్ళ వయసులో, అర్హత పోటీలు గెలిచి అమెరికన్ ఓపెన్ ప్రధాన పోటీలో అడుగుపెట్టాడు. "ఇరవై రెండు దాటితే సహాయం లేదు" అనే గీత గీస్తే ఇటువంటివారు ఏమవుతారు?

2023లో సుమిత్ నాగల్, అప్పటి మన దేశపు మొదటి ర్యాంకు ఆటగాడు, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని చెప్పాడు. దేశంలో మొదటివాడే అట్లుంటే పదోవాడి గతి చెప్పనక్కరలేదు.

ఏది న్యాయం?

అందరికీ సమంగా పంచమని నేను అనను. చెరువు నీళ్ళు ఊరంతా సమంగా చల్లితే ఒక్క మడీ పండదు. మన కాలువల కింద 'వారబందీ' అనే పద్ధతి ఉన్నది. ఏ మడికి ఏ రోజు నీళ్ళో ముందే రాసిపెడతారు. నీళ్ళు తక్కువైనా కొస రైతుకు తన వంతు తెలుస్తుంది. నీరటిని బతిమాలే పని ఉండదు. ఆటలకూ అదే సూత్రం చాలు: నియమం ముందే చెప్పాలి, చోట్లలో కొన్ని పోటీ పెట్టి ఇవ్వాలి, దారి ఖర్చు కొసవానికి ముందు ఇవ్వాలి.

ఇది లండన్ విషయం, మనకెందుకని అనుకోవద్దు. ఇంటర్ చదివేటప్పుడు ఖోఖో సెలక్షన్ తేదీ మా ఊరి పిల్లలకు ముందురోజు చీకటి పడ్డాక తెలిసింది. పొద్దున బస్సు దిగేసరికి జట్టు పేర్లు చదివేశారు. మేము ఓడిపోలేదు, అసలు ఆడనే లేదు. రాసే ఉద్యోగ పరీక్షకు హాల్ టికెట్ రాకపోతే అల్లరి చేస్తాం. ఆటకు కబురు రాకపోతే మాత్రం ఊరుకుంటాం.

కాబట్టి విద్యార్థి సంఘానికి నా మనవి: ఈ ఏడు ప్రతి సెలక్షన్ తేదీ పదిహేను రోజుల ముందే నోటీసు బోర్డుమీద పెట్టించండి. ఆటల నిధి నుండి ఎవరికెంత ఖర్చయిందో ఆ పక్కనే రాయించండి. పల్లె నుండి వచ్చేవారి బస్సు చార్జీకి కొంత పక్కన పెట్టండి. ఆ తరువాత ఓడితే ఓడిపోతాం. ఓడిపోయే హక్కు కూడా ఆడినవానికే గదా ఉంటుంది!